ఒకసారికి ఒక్కటే మార్చే మనిషి

మా బావగారు పోయారన్న కబురు తిరువూరు నుంచి వచ్చే మొదటి బస్సు కండక్టరు తెచ్చాడు. విస్సన్నపేటలో మేముంటున్న వాటా రోడ్డు పక్కనే. బస్సు ఆపించి, దిగి వచ్చి, గుమ్మంలో నిలబడి, "అమ్మగారూ, మాస్టారు పోయారండి. తెల్లవారుజామున గుండెనొప్పి వచ్చిందంట. అయ్యగార్ని తీసుకుని వెంటనే రమ్మన్నారు" అన్నాడు.

ఆ క్షణంలో నాకు ఏడుపు రాలేదు. నా చూపు నేల మీదున్న టేబుల్ ఫ్యాను వైపు పోయింది. రెక్కలొకచోట, జాలీ ఒకచోట, మరలన్నీ సాసర్లో. పోయిన ఆదివారం ఆయనే వచ్చి విప్పారు. చప్పుడు చేస్తోందని చెప్పిన పాపానికి మధ్యాహ్నమంతా కూర్చుని ఒక్క వాషరు మార్చి, బిగించి, తిప్పి చూసి, మళ్ళీ విప్పి, "వాషరు కాదని తేలిపోయింది. రెండోది వచ్చే ఆదివారం చూస్తా. అందాకా ఎవరూ ముట్టుకోవద్దమ్మాయ్" అని చెప్పి బస్సెక్కారు. ఎండలు మండిపోతుంటే ఇంట్లో ఉన్న ఒక్క ఫ్యానూ విప్పి పెట్టి వెళ్ళిన మనిషి, ఆ వచ్చే ఆదివారం రాకుండానే వెళ్ళిపోయారు. "ఇలా వదిలేసి ఎలా పోతారండీ" అని పైకే అన్నాను. కండక్టరు నేను మరోలా అన్నాననుకుని తల వంచుకున్నాడు.

ఆయన మా ఆయనకు అన్నగారు. తిరువూరు హైస్కూల్లో సైన్సు మాస్టారు. పెళ్ళయిన కొత్తలో మేమంతా ఆ ఊళ్ళో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. నేను పంచాయతీ సమితి ఆఫీసులో టైపిస్టుని. నా తోడికోడలిని నేను అక్కా అంటాను. ఆ ఇంట్లో ఆయనతో విసుగు పడనిది అక్క ఒక్కతే. అక్క వంతు కూడా కలిపి నేనే పడ్డాను.

"ఒకసారికి ఒక్కటే మార్చాలి" అనేది బావగారి మాట. ప్రయోగం చేసేటప్పుడు పిల్లలకు చెప్పే మాట అది. బళ్ళో చెప్పి ఊరుకుంటే నాకు బాధ లేదు. ఇంటికి తెచ్చేవారు. పులుసు రుచి తగ్గిందంటే ఉప్పయినా వెయ్యాలి, బెల్లమయినా వెయ్యాలి, రెండూ ఒకేసారి వెయ్యకూడదు. నాకు తలనొప్పి వస్తే మాత్ర వేసుకుని కాఫీ తాగబోయాను ఒకసారి. గ్లాసు పక్కకు జరిపి, "ఒకటి వేసుకుని ఆగమ్మాయ్. రెండూ పుచ్చుకుంటే దేనివల్ల తగ్గిందో ఎలా తెలుస్తుంది?" అన్నారు. "తగ్గితే చాలు బావగారూ, తెలియక్కర్లేదు" అన్నాను. ఆయన నావైపు చూసిన చూపులో కోపం లేదు, జాలి ఉంది. ఆ జాలికే నాకు తల మరింత పగిలిపోయింది.

మా చర్చికి దొరసాని ఒకావిడ ఉండేది. వయసు మళ్ళి తన దేశం వెళ్ళిపోతూ తన టేపు రికార్డరును బావగారికిచ్చింది. పెద్ద పెట్టె, మీద రెండు చక్రాలు, ఒక చక్రం మీది టేపు రెండో చక్రానికి చుట్టుకుంటూ తిరిగేది. దాంతోపాటు ఒక స్పూలు టేపు కూడా ఇచ్చింది. దాని మొదట్లో ఆవిడ వీడ్కోలు మాటలున్నాయి, మిగతాదంతా ఖాళీ. ఆవిడ తెలుగు మాట్లాడేదిగానీ, ఒక్కో మాట కోసం వెతుక్కుంటూ, ఆగుతూ, దొరికాక సంబరపడుతూ మాట్లాడేది. టేపులోనూ అలాగే వినిపించేది. ఆవిడ అలా ఆగడం గుర్తుంచుకోండి, మా కొంప ముంచింది అదే.

రెండో స్పూలు బావగారు బెజవాడలో సొంతంగా కొనుక్కున్నారు. దానినిండా ఒక పాఠం నింపారు, లోలకం పాఠం. దారానికి గుండు కట్టి ఊపితే అది ఎంతసేపటికి అటూ ఇటూ వెళ్ళివస్తుందో చూడటం. సెలవు రోజున ఆ పెట్టెను బస్సు టాపు మీద కట్టించుకుని వినగడప అనీ, ఎ.కొండూరు అనీ, సైన్సు మాస్టారు లేని బళ్ళకు మోసుకెళ్ళేవారు. కరెంటున్న గది ఎక్కడుందో వెతికి, పిల్లల్ని కూర్చోబెట్టి టేపు వినిపించేవారు.

"మీరే వెళ్తున్నారు కదా, మీరే నోటితో చెప్పొచ్చు కదండీ?" అని అడిగాను.

"నేను చెబితే ఒకోసారి ఒకోలా వస్తుందమ్మాయ్. ఇందులో ఎప్పుడూ ఒకేలా వస్తుంది."

ఆ పాఠంలో అక్కడక్కడా "అర్థమైందా?" అని అడిగి, కాసేపు ఏమీ మాట్లాడకుండా వదిలేశారు. పిల్లలు "అయింది సార్" అనడానికట. ఇంట్లో రికార్డు చేసినప్పుడు ఆ ఖాళీ వదిలి, ఎదురుగా గోడవైపు చూస్తూ బుద్ధిగా జవాబు కోసం ఆగడం నేను తలుపు చాటునుంచి చూసి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. ఆ స్పూలును మాత్రం ఆయన ఎవర్నీ తాకనిచ్చేవారు కాదు.

ఇక అక్క సంగతి. అక్క చర్చిలో పాడితే వెనక వరసలో పసిపిల్లల ఏడుపు కూడా ఆగేది. ఎమర్జెన్సీకి ముందు సంవత్సరం రేడియోవాళ్ళు పిలిచి నాలుగు పాటలు పాడించుకున్నారు. శుక్రవారం పొద్దున పూట వారానికొకటి వేస్తామని చెప్పారు. ఇల్లంతా పండగ చేసుకోవలసిన సమయంలోనే అక్క గొంతు మీద గడ్డ ఒకటి బయటపడింది. బెజవాడ డాక్టరు చూసి, తీసెయ్యాల్సిందే అన్నాడు. గడ్డ పక్కనే గొంతు నరం ఉందనీ, ప్రాణానికి భయం లేదుగానీ పాట సంగతి మాత్రం చెప్పలేననీ అన్నాడు. ఆపరేషన్ దాకా పాడవద్దనీ, గొంతుకు శ్రమ ఇవ్వొద్దనీ గట్టిగా చెప్పాడు. నాలుగో పాట వచ్చిన మర్నాడే ఆస్పత్రిలో చేరాలి.

అంటే అక్క గొంతు ఇక మిగిలేది రేడియోలో వచ్చే ఆ నాలుగు పాటల్లోనే. బావగారు రేడియోవాళ్ళకు ఉత్తరం రాస్తే, వాళ్ళు కూడా కొన్నాళ్ళకు టేపు చెరిపి మళ్ళీ వాడుకుంటారని జవాబొచ్చింది. కాబట్టి వచ్చిన పాటను వచ్చినట్టు మేమే పట్టుకోవాలి.

మొదటి శుక్రవారం ఇంట్లో ఎవరూ దగ్గకూడదని ఆర్డరు. కోళ్ళను పక్కింట్లో వదిలాం. రేడియో ముందు దిండు, దిండు మీద మైకు, రికార్డరు మీద దొరసాని ఇచ్చిన స్పూలు. అక్క పాట మొదలయ్యేసరికి నాకు ఒళ్ళు పులకరించింది. పక్కనే కూర్చున్న అక్క తన పాట తానే తలదించుకుని వింది. అయిపోయాక బావగారు టేపు వెనక్కి తిప్పి పెట్టారు.

పాట వచ్చింది. మధ్యలో పోయింది. మళ్ళీ వచ్చింది. ఎవరో నోటికి చెయ్యి అడ్డం పెట్టి తీసినట్టు, పల్లవిలో ఒక మాట లేదు, చరణంలో సగం లేదు. నేనే అన్నాను, "టేపు బాగాలేదేమో చూడండి బావగారూ" అని.

ఆయన టేపు మొదటికి తిప్పి దొరసాని మాటలు పెట్టారు. ఆవిడ "నా... ప్రియమైన... బిడ్డలారా" అంటూ ఎప్పటిలాగే ఆగుతూ వచ్చింది.

"చూశావా, ఇది మామూలుగానే ఉంది. టేపుది తప్పు కాదు. ఏరియల్ది" అన్నారు.

"అయితే ఏరియల్ మార్చండి, మైకు మార్చండి, టేపు మార్చండి. అన్నీ ఒకేసారి మార్చి పారేయండి. ఉన్నవి మూడు పాటలు!"

"అన్నీ మారిస్తే ఏది తప్పో..."

"తెలియకపోతే పోయె!"

వినలేదు. వారమంతా వెదురుబొంగులు, రాగితీగ. వేపచెట్టు కొమ్మకు ఒక కొస కట్టి, పెంకుల మీద పాకి రెండో కొస కట్టారు. రెండో శుక్రవారం పాట ఇంకా గట్టిగా వినిపించింది. టేపులో మాత్రం అవే ఖాళీలు. ఆ మధ్యాహ్నం ఆఫీసులో నేను కొట్టిన కాగితం నిండా తప్పులే. ఆయన మీది కోపం టైపు మిషను మీద చూపించాను.

ఈసారి అనుమానం కరెంటు మీదికి పోయింది. మా వీధి చివర రైసుమిల్లు ఉండేది, అది మొదలవగానే మా దీపాలు కళ్ళు మూసేవి. మిల్లు ఆయన దగ్గరికి వెళ్ళి అడిగారు. ఆయన ధర్మాత్ముడు, "మీ ఇంట్లో పాటంటే నాకూ వినాలనే ఉందండి మాస్టారూ. ఆ కాసేపూ మిల్లు ఆపేస్తా, వడ్లెక్కడికీ పోవు" అన్నాడు. అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. గురువారం సాయంత్రం నేను బల్ల తుడుస్తుంటే రేడియోకూ రికార్డరుకూ కింద పరిచిన తెల్లగుడ్డ మీద గోధుమరంగు పొడి కనిపించింది. కాఫీ పొడిలా సన్నగా ఉంది. బావగారు వేలికి అద్దుకుని చూసి, "పుచ్చు! రేడియో పెట్టెకు పురుగు పట్టింది. లోపల చెక్క తినేసి ఉంటుంది, తీగలు కదిలిపోతున్నాయి" అన్నారు.

ఇప్పుడు ఆయనకు ధర్మసంకటం వచ్చింది. మిల్లు ఆపడం ఒక మార్పు, రేడియో మార్చడం రెండో మార్పు. పొద్దుపోయేదాకా ఆలోచించి, చివరికి మిల్లు ఆయన్ని మళ్ళీ కలిసి, "ఈ వారం మిల్లు ఆపొద్దండి, నడిపించండి" అని చెప్పి వచ్చారు! ఆపుతానన్న మిల్లును ఆడించమని బతిమాలిన మనిషి తిరువూరులో మా బావగారొక్కరే. పైగా ఆయన దగ్గరే ట్రాన్సిస్టరు అరువు తెచ్చారు. మా రేడియోకు కిరసనాయిలు పూసి అరుగు మీద పెట్టారు. ఇల్లంతా కిరసనాయిలు కంపు. అన్నంలో కూడా అదే వాసన.

మూడో పాట కూడా పోయింది. అన్నిటికన్నా అక్కకు ఇష్టమైన పాట అది.

నేను విసురుగా లేచి గుడ్డ దులపబోయాను. బావగారు నా చెయ్యి పట్టుకుని ఆపినంత పని చేశారు. "ఆగమ్మాయ్. రేడియో అరుగు మీదుంది కదా. మరి ఈ పొడి ఎక్కడిది?"

తెల్లగుడ్డ మీద, రికార్డరు ముందు, అదే గోధుమరంగు పొడి. ఆయన జేబులోంచి చేతిరుమాలు తీసి, టేపును దానిమధ్య పట్టుకుని మెల్లగా లాగారు. రుమాలు మీద పొడుగ్గా ఒక చార పడింది. టేపు మీది పూత రాలిపోతోంది. పూత పోయినచోట పాట పట్టదు. దొరసాని బీరువాలో ఎన్నేళ్ళు చెమ్మకు నానిందో ఏమో, ఆవిడ మాటలు కూడా ఎప్పుడో సగం రాలిపోయాయి. ఆవిడ మాటలకోసం ఆగుతోందని మేమనుకున్నాం. ఆ ఖాళీలు ఆవిడవే అనుకుని ఆయన టేపు మంచిదన్నారు. ఏరియల్ పట్టింది, రేడియో పాడింది, అంతా సవ్యంగానే వచ్చింది. దాచిపెట్టవలసినదే పుచ్చిపోయింది.

"కనుక్కున్నాను" అన్నారు బావగారు. ఆ గొంతులో సంతోషం వినిపించింది నాకు. అంతే, నేను ఆగలేకపోయాను.

"కనుక్కున్నారు కదా, మూడు పాటలూ మీ చేతిరుమాల్లో ఉన్నాయి. ఉతికి ఆరేసుకోండి!"

మా ఆయన నన్ను కసిరారు. బావగారు రుమాలు వైపు చూస్తూ కూర్చున్నారు. ఆయన ముఖంలో సంతోషం అంతా దిగిపోయింది. అక్క ఒక్కతే మామూలుగా, "ఇంకోటి ఉందిగా. దానికేం, చూద్దురుగానిలెండి" అంది. డాక్టరు గొంతుకు శ్రమ ఇవ్వొద్దన్నాడని గుసగుసగా అంది.

కొత్త టేపు తిరువూరులో దొరకలేదు. గురువారం బావగారు బడికి సెలవు పెట్టి బెజవాడ వెళ్ళారు. సెలవు పెట్టడం ఆయన చరిత్రలో లేదు. మద్రాసు నుంచి సరుకు రావాలనీ, పై వారం రమ్మనీ షాపువాడు చెప్పాడట. చీకటి పడుతుంటే ఉత్త చేతులతో తిరిగొచ్చారు. ఆ పై వారానికి అక్క ఆస్పత్రిలో ఉంటుంది, పాటలూ అయిపోతాయి.

శుక్రవారం పొద్దున నేను లేచి వచ్చేసరికి ఆయన రికార్డరు ముందున్నారు. స్పిరిటులో దూది ముంచి లోపలి భాగాలన్నీ తుడుస్తున్నారు. మైకు మార్చారు, బళ్ళోది తెచ్చారు. మిల్లు ఆయన దగ్గరికి మనిషిని పంపి మిల్లు ఆపమన్నారు. రేడియోను అరుగు మీంచి లోపలికి తెచ్చి వేరే గోడకు పెట్టారు. చక్రం మీద లోలకం పాఠం స్పూలు ఉంది.

తన సూత్రాన్ని తానే తుంగలో తొక్కడం అదే మొదలు, అదే చివర. "బావగారూ, పాఠం?" అని మాత్రం అన్నాను.

"పాఠానిదేముంది, మళ్ళీ చెప్పుకోవచ్చులే" అన్నారు తలెత్తకుండా.

నాలుగో పాట పూర్తిగా వచ్చింది. ఒక్క అక్షరం పోలేదు. పాట అయిపోగానే బావగారి వేలు మీటను నొక్కింది. ఆయన టేపు వెనక్కి తిప్పి వినిపిస్తుంటే, అన్ని రోజులూ నిబ్బరంగా ఉన్న అక్క ఏడ్చింది.

ఆపరేషన్ తర్వాత అక్కకు మాట వచ్చింది, సన్నగా, బొంగురుగా. పాట రాలేదు. చర్చిలో పుస్తకం తెరిచి పట్టుకుని పెదాలు కదుపుతుంది, అంతే.

బావగారు ప్రతి క్రిస్మస్‌కీ ఆ పాట పెట్టేవారు. ఎవర్నీ మీట ముట్టుకోనిచ్చేవారు కాదు. పాట చివరి అక్షరం దగ్గర ఆయన వేలు సిద్ధంగా ఉండేది, టక్కున ఆపేసేవారు. మొదలు చెరిగిన పాఠం ఎవరికి అర్థమవుతుందని ఆ స్పూలును మళ్ళీ ఏ ఊరి బడికీ తీసుకెళ్ళలేదు. పాఠం మళ్ళీ చెప్పనూ లేదు. ఎన్నిసార్లు అడిగినా "చూద్దాం" అనేవారు. కానీ భోజనాల దగ్గర హఠాత్తుగా చెయ్యి ఆపి, "ఆ రోజు టేపు మార్చడంవల్ల వచ్చిందో, స్పిరిటుతో తుడవడంవల్ల వచ్చిందో ఇప్పటికీ తెలియలేదమ్మాయ్. అన్నీ కలిపి మార్చేశాను" అని బాధపడేవారు. పాట దొరికింది కదా, ఇంకా ఏం కావాలండీ మీకు అని నేను కంచం ముందు పెట్టుకుని కేకలేసేదాన్ని. ఆయన మీద అంత కోపం తెచ్చుకున్నదాన్ని నేనొక్కదాన్నే. ఆయన్ని అంత ప్రేమించానని కూడా ఇప్పుడు ఒప్పుకోవాలి. నాకు తలనొప్పి వస్తే ఇప్పటికీ మాత్ర వేసుకుని, కాఫీ పక్కన పెట్టి, తిట్టుకుంటూ ఆగుతాను.

మొన్న బావగారి కోసం పెట్టిన ఆదరణ ప్రార్థన కూడికకు ఇల్లు నిండిపోయింది. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు వినగడప నుంచి కూడా వచ్చారు. మిల్లు ఆయన వచ్చి వెనక కూర్చున్నాడు. పాస్టరుగారు ప్రార్థన ముగించాక, మాస్టారు దాచిన పాట ఒకసారి పెడితే బాగుంటుందని ఎవరో అన్నారు. అక్క తల ఊపింది. మా ఆయన స్పూలు ఎక్కించి మీట నొక్కి వచ్చి కూర్చున్నారు.

పాట వచ్చింది, నిండుగా. వినగడప వాళ్ళలో చాలామందికి ఆ గొంతు ఎవరిదో తెలియదు. అక్క ఎప్పటిలాగే తలదించుకుని వింది. పాట చివరికి వచ్చింది, అయిపోయింది. ఆపడానికి ఎవరూ లేవలేదు. అది ఎప్పుడూ ఆయన పని, మాకెవరికీ తోచలేదు. టేపు తిరుగుతూనే ఉంది. ఏదో టక్కుమంది.

"...పొడుగు మార్చారు కదా. ఇప్పుడు గుండు జోలికి పోవద్దు. ఒకసారికి ఒక్కటే మార్చాలి" అన్నారు బావగారు.

మా ఆయన లేవబోతే నేను చెయ్యి పట్టుకుని లాగాను.

"అర్థమైందా?"

తర్వాత ఆ ఖాళీ. చక్రాలు తిరుగుతున్నాయి. నేను తలుపు చాటున నవ్విన ఖాళీ అదే. వినగడప వాళ్ళకు ఆ చోటు తెలుసు, పెదాలు కదిలాయి, అంతే. చివరికి అక్క తలెత్తి, మిగిలిన ఆ బొంగురు గొంతుతోనే, "అయిందండీ" అంది.

"సరే, ఇప్పుడు గుండు మార్చి చూద్దాం" అన్నారు బావగారు.